నలుపు తెలుపు కామిక్: ఐదు పాత్రల ముఖాలూ ఒకేలా వస్తున్నాయి, రూపం ఎక్కడ మొదలుపెట్టాలి?

గీతల సంచి (ప్రశ్న)

పిల్లల కామిక్ ఒకటి నడుస్తోంది. 48 పేజీలు, ఏ5 సైజు, పేజీకి ఆరు ప్యానెళ్లు (బొమ్మల గళ్లు). లోపలంతా నలుపు ఒక్కటే, అట్ట మాత్రం నాలుగు రంగులు. చదివేది మూడో తరగతి నుంచి ఆరో తరగతి పిల్లలు. కథ నారాయణపేట వైపు ఒక ఊళ్లో జరుగుతుంది. పొలాల్లో బోరు మోటార్ల రాగి తీగ వరసగా పోతుంటుంది, ఇద్దరు పిల్లలు దొంగ ఎవరో కనిపెడతారు.

ముఖ్య పాత్రలు ఐదు. 9 ఏళ్ల అబ్బాయి, 13 ఏళ్ల వాళ్లక్క, 70 దాటిన అవ్వ, 45 ఏళ్ల గొర్రెల కాపరి, 50 దాటిన కిరాణా కొట్టాయన. దొంగ కొట్టాయనే, కానీ 40వ పేజీ దాకా ఎవరికీ అనుమానం రాకూడదు. మధ్యలో అవ్వ చెప్పే కథ ఒకటి 4 పేజీలు ఉంది, అందులో ఒక అమ్మవారు, ఒక భూతం వస్తారు.

ఇబ్బందులు ఇవీ:

అక్కాతమ్ముళ్లకు తేడా జుట్టు ఒక్కటే. జుట్టు మీద వేలు పెట్టి మూస్తే ఎవరు ఎవరో తెలియదు.

అవ్వను గీస్తే తెల్లజుట్టు పెట్టుకున్న అమ్మాయిలా ఉంటోంది. ముడతలు పెంచితే ముఖం మురికి పట్టినట్టు కనిపిస్తోంది, వయసు మాత్రం రావడం లేదు.

ఎదురుగా చూస్తే బాగున్న ముఖం పక్కకు తిప్పేసరికి వేరే మనిషి అయిపోతోంది.

కళ్ల ఆకారాలు, కనుబొమలు, పుట్టుమచ్చలు మార్చి చూశాను. పెద్ద కాగితం మీద తేడా కనిపిస్తుంది, ప్యానెల్ సైజుకి దించితే పోతోంది.

కొట్టాయన్ను లావుగా, నల్లగా, ముఖం మీద గుంటలతో అనుకుంటున్నాను. అమ్మవారికి నవతాళం అంటారు కదా, అంటే తొమ్మిది తలల ఎత్తు పెట్టాలా? ఇక 1వ పేజీ మొదలుపెట్టే ముందు పాత్రల నమూనా షీట్లు ఎన్ని సిద్ధం చేసుకోవాలి?

నల్లసిరా

గీతల సంచి గారూ, కళ్లతో తేడా ఎందుకు రాదో స్కేలు పెట్టి లెక్క చూడండి. ఏ5 అంటే 148 × 210 మి.మీ. చుట్టూ 12 మి.మీ. అంచు వదిలితే 124 × 186 మిగులుతుంది. రెండు నిలువు వరసల్లో మూడేసి ప్యానెళ్లు, మధ్యలో 4 మి.మీ. సందు. ఒక్కో ప్యానెల్ సుమారు 60 × 59. పైన మూడో వంతు మాటల బుడగకు పోతే, నిలబడ్డ మనిషికి దొరికేది 38 మి.మీ. ఆరు తలల ఎత్తు మనిషికి, అంటే ఎత్తు తల పొడవుకు ఆరింతలున్నవాడికి, తల 6 మి.మీ. పైచిలుకు, ముఖం వెడల్పు నాలుగున్నర, కన్ను అందులో ఐదో వంతు. మిల్లీమీటరు కూడా లేదు. ఆ మిల్లీమీటరులో బాదం కన్ను, చేప కన్ను అని ఎంత తేడా చూపించినా పిల్లవాడి కంటికి చుక్కే.

ఆ సైజులో కనిపించేవి నాలుగే: మొత్తం ఎత్తు, నిలబడే తీరు, తల ఆకారం, నలుపు ఎక్కడ ముద్దగా ఉంది అన్నది. కాబట్టి పనీ అదే వరసలో చేయాలి. కళ్లూ కనుబొమలూ ఆఖరు.

ఎత్తుల దగ్గర చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. పిల్లవాణ్ని గీయమంటే పెద్దమనిషిని మొత్తంగా కుదించి గీస్తారు, తలతో సహా. 9 ఏళ్లకే తల పెద్దవాళ్ల తలకు చాలా దగ్గరగా పెరిగి ఉంటుంది. మారేది మెడ కింద భాగం. నిజానికి 9 ఏళ్ల పిల్లవాడు ఆరు తలలు, 13 ఏళ్ల అమ్మాయి ఆరుముప్పావు, పెద్దవాళ్లు ఏడు, ఏడున్నర ఉంటారు. ఈ తేడాలు 38 మి.మీ.లో తెలియవు, వాటిని సాగదీయాలి. ఐదుగురినీ ఒకే నేల గీత మీద నిలబెట్టి ఇలా మొదలుపెట్టండి:

అబ్బాయి 24 మి.మీ., 4 తలలు. అక్క 31 మి.మీ., 5 తలలు. అవ్వ వంగి ఉన్నప్పుడు 30 మి.మీ., 5 తలలు. కాపరి 38 మి.మీ., 6న్నర తలలు. కొట్టాయన 35 మి.మీ., 5ముప్పావు.

భాగించి చూడండి, అందరి తలా ఇంచుమించు 6 మి.మీ.యే వస్తుంది. అది సరైనదే. అక్కకు, అవ్వకు తలల లెక్కా దాదాపు అంతే, ఎత్తూ దాదాపు అంతే, కాబట్టి వాళ్లిద్దరినీ విడదీసే భారమంతా నిలబడే తీరు మోయాలి.

అక్కతో మొదలుపెడదాం. 13 ఏళ్ల వయసులో ముందు చేతులు, పాదాలు పెరుగుతాయి, తర్వాత కాళ్లూ చేతులూ సాగుతాయి, మొండెం చివర్న అందుకుంటుంది. అందుకే ఆ వయసు పిల్లలకు మోకాళ్లు, మోచేతులు ఎక్కువగా ఉన్నట్టు కనిపిస్తాయి. మొండెం పొట్టిగా, కాళ్లు పొడుగ్గా, పాదాలు ఒక సైజు పెద్దగా గీయండి. తమ్ముడికి తిరగేసి: పొట్ట ముందుకు, కాళ్లు పొట్టి, మెడ దాదాపు లేనట్టే. వాడి కళ్లు తల మధ్యకు కాస్త కిందికి రావాలి. పెద్దవాళ్లకు సరిగ్గా సగంలో ఉంటాయి.

ఇప్పుడు అవ్వ. తెల్లజుట్టు, ముడతలు పైపూత మాత్రమే, ముసలితనం ఎముకల్లో ఉంటుంది. పక్క నుంచి చూస్తే మన చెవి భుజానికి పైన ఉంటుంది, గూని వచ్చిన అవ్వకు చెవి భుజం దాటి ముందుకు వస్తుంది. తల ముందుకు పోతే మనిషి బోర్లా పడాలి, పడకుండా తుంటి వెనక్కి జరుగుతుంది, మోకాళ్లు కొంచెం మడుస్తాయి, పాదాలు ఎడంగా పడతాయి. ఈ మూడూ గీయకుండా వీపు మాత్రం వంచితే ఏదో వెతుక్కుంటున్న అమ్మాయిలా ఉంటుంది. వెన్నెముక కుంగినా చేతులు కుంగవు కాబట్టి చేతివేళ్లు మోకాలికి మరింత దగ్గరగా వస్తాయి.

ముఖంలో: ముక్కు కింద నుంచి గడ్డం కొస దాకా మామూలుగా ముఖంలో మూడో వంతు. పళ్లు పోతే అది నాలుగో వంతుకి దగ్గరవుతుంది, పెదవులు లోపలికి మడుచుకుంటాయి, గడ్డం ముందుకు పొడుచుకు వస్తుంది. ముక్కు కొస కిందికి వాలుతుంది. అవ్వకు పళ్లున్నాయా, ఎన్ని, ఏ వైపు అన్నది ఈరోజే తేల్చి షీట్ మీద రాసిపెట్టండి, లేకపోతే 5వ పేజీలో పలువరసతో నవ్విన అవ్వ 30వ పేజీలో బోసినోటితో తేలుతుంది. ముడతలు మూడే చాలు: ముక్కు పక్క నుంచి నోటి మూలకు ఒకటి, కంటి కింద ఒకటి, మెడ నరాల గీత ఒకటి. దూరపు ప్యానెళ్లలో అవీ వద్దు.

పక్కకు తిప్పితే మనిషి మారిపోవడానికి కారణం, ఎదురు ముఖంలో ముక్కును రెండు చుక్కలతో సరిపెట్టడం. ఆ ముక్కు ఎంత ముందుకు వచ్చిందో మీకే తెలియదు, అందుకే ప్రతిసారీ కొత్త ముక్కు పుడుతుంది. పక్క ముఖం ముందు గీసి, దాన్నుంచి ఎదురు ముఖం తీయండి. జుట్టు మొదలు నుంచి కనుబొమ, కనుబొమ నుంచి ముక్కు కింద, అక్కణ్నుంచి గడ్డం: ఈ మూడు భాగాలు పెద్దవాళ్లలో ఇంచుమించు సమానం. ఆ సమానాన్నే చెడగొట్టాలి:

అబ్బాయి 1.3 : 0.8 : 0.9
అక్క 1.1 : 0.9 : 1
అవ్వ 1 : 1.3 : 0.7
కాపరి 0.9 : 1.1 : 1
కొట్టాయన 1.1 : 0.8 : 1.1

ఈ అంకెలు షీట్ మూలన రాసుకుంటే ముప్పావు ముఖం (కొంచెం పక్కకు తిరిగినది), పైనుంచి చూసే ముఖం గీసేటప్పుడు కూడా చేయి దారి తప్పదు.

పరీక్ష: ఒక్కో పాత్రకు 3 సెం.మీ. ఎత్తులో ఇరవై చిన్న బొమ్మలు, బ్రష్ పెన్నుతో, లోపల ఏ గీతా లేకుండా నల్లగా నింపి. ఐదేసి పక్కపక్కన పెట్టి తలలు మూసి చూడండి. తర్వాత తలలు వదిలి ఒళ్లు మూసి చూడండి. రెండింట్లోనూ పోల్చుకోగలిగితేనే ముఖం జోలికి వెళ్లాలి.

కొంగు అంచు

నల్లసిరా గారు చెప్పిన నీడ ఆకారంలో సగం పని బట్టలు చేస్తాయి. పాలమూరు వైపు కథ కాబట్టి ఈ పాత్రలకు బట్టలే పెద్ద అండ.

అవ్వకు గోచీ కట్టు పెట్టండి. కుచ్చిళ్ల చీరలో నడుము కింద భాగమంతా ఒకే ముద్ద, కాళ్లు కనిపించవు. గోచీ కట్టులో చీర రెండు కాళ్ల మధ్య నుంచి వెనక్కి వెళ్లి దోపుకుంటుంది, పిక్కలు బయట ఉంటాయి, రెండు కాళ్లు విడివిడిగా తెలుస్తాయి. పైన చెప్పిన మోకాలి వంపు, ఎడం పాదాలు కనిపించాలంటే ఇదే దారి. కథలో ఇంకో ఆడమనిషి వస్తే ఆమెకు కుచ్చిళ్ల చీర పెట్టండి, దూరం నుంచే తేడా తెలుస్తుంది. అవ్వకు కాళ్ల కడియాలు, ముంజేతి మీద పచ్చబొట్టు, బరువు కమ్మలతో సాగిన చెవి తమ్మెలు. ఈ మూడింటికి మించి నగలు వద్దు, ప్రతి ప్యానెల్లో గీయలేక మధ్యలో వదిలేస్తారు.

కాపరి గొంగడి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దాన్ని దాదాపు అందరూ దుప్పటిలా గీస్తారు. గొంగడి దక్కని గొర్రె ఉన్నితో నేసింది, దానికి చింతగింజల గంజి పెడతారు. అందువల్ల అది నూలు బట్టలా ఒంటికి అంటుకోదు, సన్నటి ముడతలు పడదు. భుజం మీద వేస్తే మూడో నాలుగో వెడల్పాటి మడతలు, ప్రతి మడతకూ మొండి అంచు. కింది కొస వేలాడకుండా ఒంటికి దూరంగా నిలబడుతుంది. గీసేటప్పుడు బయటి గీత మందంగా, కొంచెం గరుగ్గా, లోపల నలుపు నింపి మడతల దగ్గర మాత్రం తెల్ల గీత వదలండి. వానలో ఒక కొసను ముడేసి తల మీదుగా వేసుకుంటే భుజాలు, నడుము ఏవీ తెలియవు, కోసుగా ఉన్న ఒక నల్ల ఆకారమే మిగులుతుంది. తలకు రుమాలు, చేతిలో ఛాతీ దాటిన కర్ర. కర్ర మీద బరువు వేసి ఒక కాలు అడ్డంగా పెట్టి నిలబడే భంగిమ కాపరిదే, ఇంకెవరికీ ఇవ్వకండి.

అక్కకు రెండు జడలు మడిచి రిబ్బన్లతో చెవుల కింద కట్టాలి. ఎదురు నుంచి, వెనక నుంచి, పక్క నుంచి ఎటు చూసినా చెవి కింద ఒక ఉంగరం కనిపిస్తుంది. స్కూలు డ్రెస్సులో చున్నీని రెండు భుజాల దగ్గర పిన్నులు పెట్టి వీ ఆకారంలో వేసుకుంటారు. ఆ వీ మాత్రం తెల్లగా వదిలేయండి. తమ్ముడికి ఒక సైజు పెద్ద చొక్కా, చేతులు మోచేయి దాటి. నిక్కరు హుక్కు ఊడిపోయి మొలతాడు కింద దోపుకున్నది. చొక్కా పైకి లేచినప్పుడల్లా అది కనిపించాలి.

ఇంకొకటి, కంప్యూటర్ మీద పనిచేసేవాళ్లకు. కుదరలేదని ప్యానెల్‌ను అద్దంలోలా తిప్పేస్తే ఎడమ భుజం మీది కొంగు కుడి భుజానికి పోతుంది, చొక్కా జేబు కుడివైపు వస్తుంది, గుండీల పట్టీ ఆడవాళ్ల చొక్కాలా మారుతుంది. ముక్కుపుడక, గడియారం, గొంగడి వేసే భుజం, కర్ర పట్టే చేయి ఏ వైపో షీట్ మీద రాసి, తిప్పిన ప్రతి ప్యానెల్‌ను ఆ జాబితాతో సరిచూడండి.

తెర వెనుక

నవతాళం ప్రశ్నకు. తాళమానంలో, అంటే దేవతా శిల్పాల కొలతల పద్ధతిలో, తాళం అంటే పూర్తి తల కాదు, ముఖం: నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటు నుంచి గడ్డం దాకా. అది 12 అంగుళాలు, కాబట్టి నవతాళం 108 అంగుళాలు. ఇక్కడ అంగుళం అంటే స్కేలు మీది ఇంచీ కాదు, ఆ బొమ్మ ఎత్తులో ఒక భాగం. నడినెత్తి నుంచి జుట్టు మొదలు దాకా ఉండే భాగం వేరే లెక్క. అది కూడా కలిపి కొలిస్తే నవతాళం బొమ్మ ఏడు తలల మనిషే, అంటే మామూలు పెద్దమనిషి కొలతే. తొమ్మిది పూర్తి తలలు పెడితే ముఖం చిన్నదైపోయి, నిండుదనం పోతుంది. అమ్మవారిది 150 మి.మీ. బొమ్మ అనుకుంటే ఏడు తలల లెక్కలో తల 21 మి.మీ., తొమ్మిది తలల లెక్కలో 17 లోపు. చూపు, నవ్వు కనపడాల్సిన బొమ్మలో ఆ నాలుగు మి.మీ. చాలా విలువైనవి.

శిల్పశాస్త్రం లెక్కే కావాలంటే దేవేరులకు మధ్యమ దశతాళం, 120 అంగుళాలు. భూతాలకు త్రితాళం, వినాయకుడికి పంచతాళం. మీ భూతానికి మూడు తాళాలు పెట్టండి, పొట్టిగా, తల పెద్దదై, బొజ్జతో వస్తుంది. పొడుగు అమ్మవారి పక్కన పొట్టి భూతం నిలబడితే ఎవరు ఎవరో వేరే చెప్పక్కర్లేదు. భయం కోసం భూతాన్ని పొడుగ్గా చేసి కొమ్ములు పెడితే ఆ తేడా చచ్చిపోతుంది.

నలుపు పేజీకి తోలుబొమ్మల నుంచి తీసుకోదగిన పద్ధతి ఒకటుంది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో మేకతోలు మీద చేసే బొమ్మల్లో నగలను రంగుతో సరిపెట్టరు, ఉలితో రంధ్రాలు కొడతారు. తెర వెనక వెలుతురు ఆ రంధ్రాల్లోంచి వచ్చి హారం, వడ్డాణం మెరుస్తాయి. అమ్మవారి పేజీల్లో అదే చేయండి. ఒళ్లు, చీర ముదురు నలుపుతో నింపి నగలను చుక్కలు చుక్కలుగా తెల్లగా వదలండి. నల్ల గీతలతో నగలు గీస్తే 6 మి.మీ. తల మీద అవి చెత్తలా పేరుకుంటాయి. రంధ్రాల మధ్య తోలు మరీ సన్నగా మిగిలితే చిరుగుతుంది, కాగితం మీద మరీ సన్నటి నలుపు మిగిలితే అచ్చులో మాయమవుతుంది. రెండు తెల్ల చుక్కల మధ్య కనీసం ఒక చుక్కంత నలుపు ఉంచండి.

తోలుబొమ్మలాటలో నవ్వించే పాత్రలు జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు తెర మీదికి రాగానే నోరు విప్పకముందే జనం గుర్తుపడతారు. వాళ్లలో ఒక్కొక్కరికీ ఒకే ఒక అతి ఉంటుంది, నాలుగైదు ఉండవు. మీ ఐదుగురికీ ఆ ఒక్కటి ఏదో ముందు తేల్చుకోండి.

గీతల సంచి

ఎత్తుల వరస గీశాను, తలలు మూసినా ఇప్పుడు తెలుస్తోంది. రెండు సందేహాలు మిగిలాయి. ఇంత విడదీస్తే అవ్వ, అక్క, తమ్ముడు ఒకే ఇంటివాళ్లలా ఎలా కనిపిస్తారు? కొట్టాయన రూపం గురించి ఎవరూ చెప్పలేదు.

మలుపు

కొట్టాయన గురించి గట్టిగా చెప్పాల్సింది ఉంది. లావు, నలుపు, ముఖం మీద గుంటలు: ఈ మూడూ కలిపి పెడితే మీ దొంగ 3వ పేజీలోనే దొరికిపోతాడు. దొంగ ఇలా ఉంటాడని పిల్లలు ఇప్పటికే చూసీ చూసీ ఉన్నారు. అంతకంటే ముఖ్యం, మీ పుస్తకం తెరిచే తరగతి గదిలో లావుగా ఉన్న పిల్లవాడు, నల్లటి పిల్ల తప్పకుండా ఉంటారు. మరుసటి రోజు నుంచి వాళ్లకు ఆ పేరే ఖాయమవుతుంది. అది మనం చేయకూడదు.

ఆయన్ను ఊరంతా నమ్మే మనిషిగా గీయండి. గుండ్రటి తల, బట్టతల, ఇస్త్రీ తెల్లచొక్కా, జేబులో పెన్ను, ముక్కు చివర కళ్లజోడు. పిల్లలకు బిళ్లలు ఇచ్చే చేయి. ఆధారాలు మాత్రం మొదటి నుంచి బొమ్మలోనే ఉండాలి, అప్పుడే 40వ పేజీలో పిల్లలు వెనక్కి తిప్పి చూసుకుంటారు. రాగి తీగ అమ్మే ముందు పైనున్న ప్లాస్టిక్ కాల్చేస్తారు, మసి పడుతుంది. ఆయన తెల్లచొక్కా కుడి చేతి అంచున చిన్న నల్ల మరక ప్రతిసారీ పెట్టండి. కొట్టు ముందు బొగ్గుల బస్తా ఒకటి ఉంచితే మరకకు సాకు దొరుకుతుంది. గోడకు వేలాడే సామానులో ఒక కటింగ్ ప్లేయర్, 20వ పేజీ తర్వాత ఆ మేకు ఖాళీ.

అసలు బలం గొంగడిలో ఉంది. రాత్రి ప్యానెళ్లలో దొంగ గొంగడి కప్పుకుని వస్తే అనుమానం కాపరి మీదికి పోతుంది. కొంగు అంచు గారు చెప్పినట్టు గొంగడి ఒంటికి అంటదు, కాబట్టి కొట్టాయన ఒంటి ఆకారం దాగిపోతుంది. దాగనివి రెండు: ఎత్తు, పాదాలు. కాపరి 38, కొట్టాయన 35. పక్కన బోరు డబ్బానో, గేటో ఏదో ఒక కొలత ఉంచి పగలు కాపరిని, రాత్రి దొంగను దాని పక్కనే నిలబెట్టండి. పాదాలకు ముందే కోణాలు ఇవ్వండి: కాపరి పాదాలు సూటిగా, కొట్టాయన పాదాలు రెండూ పక్కలకు తిరిగి, అవ్వవి ఎడంగా, అక్కవి కొంచెం లోపలికి, తమ్ముడు ఒక పాదం మీద ఇంకో పాదం వేసి. బురదలో అడుగులు చూసే సీను ఉంటే పిల్లలు దాన్ని తమంతట తామే పట్టుకుంటారు.

ఒకే ఇంటి పోలికకు ముక్కును ఎంచుకోకండి. 9 ఏళ్లకు ముక్కు దూలం ఇంకా పూర్తిగా లేవదు, అవ్వ పొడుగు ముక్కు వాడికి పెడితే చిన్న ముసలాయన అవుతాడు. చెవులు తీసుకోండి. ముగ్గురికీ తల నుంచి బయటికి తిరిగిన చేట చెవులు. అవ్వకు తమ్మెలు సాగి ఉంటాయి, అక్క జుట్టు బిగించి జడలు వేస్తుంది కాబట్టి చెవులు పూర్తిగా బయట, తమ్ముడికి ఎలాగూ కనిపిస్తాయి. రెండోది కనుబొమకు, కంటికి మధ్య దూరం. ఆ దూరం ముగ్గురికీ ఎక్కువ పెట్టి, కాపరికీ కొట్టాయనకూ తక్కువ పెట్టండి. ఈ రెండు చాలు. మూడో పోలిక పెడితే మళ్లీ ముఖాలు కలిసిపోవడం మొదలవుతుంది.

నాలుగు ప్లేట్లు

అచ్చు వైపు నుంచి. ఏ4 మీద గీసి ఏ5కు దించితే కొలత 70 శాతానికి వస్తుంది, 0.2 మి.మీ. పెన్ను గీత 0.14 అవుతుంది. చవక కాగితం మీద అంతకంటే సన్నగీత నమ్మకం లేదు. అవ్వ ముడతలకు కూడా 0.2 కంటే సన్నది వాడొద్దు.

బూడిద టోన్లు (సన్న నల్ల చుక్కలతో వచ్చే బూడిద ఛాయలు) వాడాలనుకుంటే రెండే పెట్టుకోండి, 15 శాతం, 40 శాతం. గరుకు కాగితం సిరాను పీల్చి చుక్కను పెద్దది చేస్తుంది, 50 అనుకుని వేసింది 70 దాకా నల్లబడుతుంది. 30కి, 40కి తేడా పోతుంది. ఒంటిరంగు టోను వేస్తే అందరికీ వేయండి, లేదా ఎవరికీ వద్దు. మంచివాళ్లను తెల్లగా వదిలి మిగతావాళ్లకు టోను వేయడం మలుపు గారు చెప్పిన తప్పుకే ఇంకో దారి. ఈ పుస్తకానికి ఎవరికీ వేయకపోవడమే మేలు. గొంగడి, జడలు, అవ్వ చీర నల్లగా, చున్నీ వీ, కొట్టాయన చొక్కా తెల్లగా ఉంటే పేజీ దానంతట అదే నిలబడుతుంది.

అట్టకు: ఒంటిరంగులో పసుపు శాతం మెజెంటా (గులాబీ సిరా) కంటే కొంచెం ఎక్కువ, సయాన్ (లేత నీలం సిరా) మెజెంటాలో మూడో వంతు దగ్గర మొదలుపెట్టండి. చామనఛాయకు సయాన్ 15, మెజెంటా 45, పసుపు 55. ముదురు రంగుకు 35, 65, 75, దానికి నలుపు 15. ముదురు ఒంటికి లేత రంగు తీసుకుని నలుపు కలిపితే బూడిద పూసినట్టు వస్తుంది, పసుపు, మెజెంటా కూడా పెరగాలి. అరచేతులు, అరికాళ్లు లేతగా ఉంచండి. ముదురు ఒంటి మీద వెలుగు చిన్నగా, పదునుగా పడుతుంది. నుదురు, ముక్కు దూలం, చెంప ఎముక దగ్గర అది లేకపోతే ముఖం చదునుగా కనిపిస్తుంది. గొంగడి లాంటి పెద్ద నల్ల భాగానికి నలుపు 100 ఒక్కటే వేస్తే వెలిసినట్టు ఉంటుంది, సయాన్ 40 కలపండి. సన్నగీతలకు మాత్రం నలుపు ఒక్కటే, లేకపోతే ప్లేటు వెంట్రుకవాసి జరిగినా గీత పక్కన రంగు అంచు కనిపిస్తుంది. తెర మీద మెరిసే చిలకాకుపచ్చ అచ్చులో మసకబారుతుంది, అక్క రిబ్బన్లకు దాన్ని నమ్ముకోకండి.

గీతల సంచి

అందరికీ కృతజ్ఞతలు. కొట్టాయన కళ్లజోడు చిన్న సైజులో రెండు నల్ల వలయాలై కళ్లను మింగేస్తోంది. తీసేయనా? షీట్ల లెక్క కూడా ఎవరైనా చెప్పండి.

నల్లసిరా

తీయొద్దు, ఆయన్ను ముసుగులోంచి బయటపెట్టేటప్పుడు అది పనికొస్తుంది. ఫ్రేము పై గీత వదిలేసి కింది సగం మాత్రం గీయండి. ముక్కు చివరికి జారిన జోడు కాబట్టి కళ్లు పైనుంచి చూస్తాయి, కనుబొమలు ఖాళీగా ఉంటాయి. దూరపు ప్యానెళ్లలో చెవి దగ్గర చిన్న గీత, ముక్కు మీద అడ్డగీత ఉంటే చాలు.

షీట్లు పన్నెండు. ఐదుగురూ నేల గీత మీద నిలబడ్డది ఒకటి. ఒక్కొక్కరికీ చుట్టూ తిప్పి చూపే షీట్ ఒకటి చొప్పున ఐదు: పిల్లలిద్దరికీ ఎదురు, ముప్పావు, పక్క, వెనక ముప్పావు, వెనక అని ఐదు కోణాలు, మిగతావాళ్లకు ఎదురు, పక్క, వెనక చాలు. భావాల షీట్లు ఐదు, ఒక్కోదానిలో ఆరు ముఖాలు. వాటిలో నవ్వు, ఏడుపు కంటే నమిలే నోరు, అరిచే నోరు ముఖ్యం, దవడ ఆకారం అక్కడే తప్పుతుంది. చివరిది చేతులు, పాదాలు, కర్ర, గొంగడి మడత, కటింగ్ ప్లేయర్ ఉన్న షీట్. అన్నీ అచ్చు సైజుకి జిరాక్స్ తీసి, నాలుగో తరగతి పిల్లలకు ఒక్కో బొమ్మ మూడు సెకన్లు చూపించి ఎవరో అడగండి. ఏ ఇద్దరి పేర్లు తారుమారైతే ఆ ఇద్దరి ఎత్తు తేడా మరో 3 మి.మీ. పెంచండి.

గీయడం 1వ పేజీతో మొదలుపెట్టొద్దు. పాత్రలు చేతికి అలవాటు పడటానికి ఎనిమిది, పది పేజీలు పడుతుంది, ఈలోపు ముఖాలు తెలియకుండానే మారుతుంటాయి. 12వ పేజీతో మొదలుపెట్టి 48 దాకా వెళ్లండి, మొదటి 11 పేజీలు ఆఖర్న గీయండి. పుస్తకం తెరవగానే కనిపించే ముఖం అప్పటికి గట్టిపడి ఉంటుంది.